ఆడినందుకు జీతమిచ్చిన ఏడాది

చెడుగుడు ఆడితే జీతమిస్తారని మా కడప జిల్లాలో ఎవడైనా చెప్పి ఉంటే, వాణ్ణి కూర్చోబెట్టి తలకు నిమ్మకాయ రుద్దేవాళ్ళం. కువైట్‌లో మా కఫీల్ నిజంగానే ఇచ్చాడు. కఫీల్ అంటే మా వీసాలకు పూచీ పడిన యజమాని. అమ్ఘరాలో ఆయనకు పాత ఇనుము యార్డు ఉండేది. గుద్దుకుని నుజ్జయిన కార్లనూ లారీలనూ గ్యాసుతో కోసి ఇనుము వేరుచేయడం మా పని. పక్క యార్డులో పంజాబీలకు కబడ్డీ జట్టు ఉందని, ఆ యజమాని తన ముందు మీసం మెలేస్తున్నాడని మా కఫీల్‌కు కడుపుమంట. ఆ పంతంతో మాకూ ఒక జట్టు పెట్టాడు. గురువారం మధ్యాహ్నం నుంచి ఇనుము ముట్టుకునే పని లేదు, సాధన చేయాలి. శుక్రవారం అర్దియా వెనక ఇసుక నేలలో ఆట. ఆడిన ఏడుగురికీ విడిగా జీతం.

చలికాలం మొదట్లో మా మొదటి ఆట. కెప్టెన్ని నేనే. ఆ రోజు నాకు రెండు పళ్ళు ఊడాయి, నేను ఒక పంజాబీ వేళ్ళు రెండు విరిచాను. ఆట అయ్యాక ఇద్దరం ఒకే ట్యాక్సీలో ఆసుపత్రికి పోయాం, దారిలో వాడే నాకు సిగరెట్టు ఇచ్చాడు. అప్పట్లో మేం ఆడింది ఆట కాదు, కొట్లాటకు గీతలు గీసుకున్నామంతే. ముక్కులు పగిలేవి, మోకాళ్ళ చిప్పలు జారేవి. ఇసుకలో రక్తం పడితే కాలితో కప్పేసి మళ్ళీ కూత మొదలుపెట్టేవాళ్ళం. నాకది ఇష్టంగానే ఉండేది, దాచడమెందుకు. వారమంతా ఇంకొకడి మాట పడి బతికేవాడికి, వారానికొక పూట ఒకణ్ణి నేలకేసి కొట్టి చప్పట్లు కొట్టించుకోవడం చిన్న సుఖం కాదు.

సంక్రాంతి దాటాక కోనసీమ నుంచి ఒకడు వచ్చాడు. లారీ డ్రైవరు. సన్నగా, పొడుగ్గా, ఎప్పుడూ నవ్వు మొహం. వాణ్ణి కూతకు పంపితే ముగ్గుర్ని తాకి, పట్టినవాడి చేతిలోంచి జారి, కూత తెగకుండా గీత దాటి వచ్చేవాడు. మూడో శుక్రవారానికి కఫీల్ కెప్టెన్ పట్టీ నా చేతి మీంచి విప్పి వాడికి కట్టాడు. నన్ను మూలకు నెట్టి పట్టేవాడిగా నిలబెట్టాడు. మొగుడు కొట్టినందుకు కాదు, తోడికోడలు నవ్వినందుకు ఏడ్చిందంట వెనకటికొకామె. నా ఏడుపూ అదే. పట్టీ పోయినందుకు కాదు, వాడు నవ్వినందుకు. అది వెక్కిరింత కాదని నాకు తెలుసు, తెలిసి మరింత మండేది.

సాధనలో వాడు కూతకు వస్తే నేను మడమ పట్టుకుని అవసరానికి మించి మెలితిప్పేవాణ్ణి. ఒకసారి వాడు కుంటుతూ లేచి, ఇసుక దులుపుకుంటూ అందరూ వినేలా అన్నాడు.

"అన్నయ్యా, మీది పట్టు కాదండి బాబూ, ఉడుంపట్టు. రేపు పెళ్ళయితే మా వొదినగారు ఏమైపోతారో."

అందరూ నవ్వారు. నాకు పెళ్ళయి ఎనిమిదేళ్ళు. వాడికి తెలియదు, నేనూ చెప్పలేదు.

ఎండలు ముదరకముందే ఆఖరి ఆట వచ్చింది. దానికోసం కఫీల్ మాకు జెర్సీలు కుట్టించాడు. తెల్లని జెర్సీ, మెడ చుట్టూ ఎర్ర పట్టీ, రొమ్ము మీద అరచేతి వెడల్పున కువైట్ జెండా, వీపు మీద నెంబరు. ఆ రోజు పంజాబీల ఆఖరి కూతగాణ్ణి గీత దగ్గర ఆపింది నేను. వాడి మోకాలు తగిలి నా కనుబొమ చీలింది, కంట్లోకి రక్తం కారుతున్నా వదల్లేదు. గెలిచాం. జనం గీతలు తొక్కుకుంటూ వచ్చి కోనసీమవాణ్ణి భుజాలకెత్తుకున్నారు. కప్పు వాడి చేతికే ఇచ్చారు. నేను చొక్కా అంచుతో కన్ను తుడుచుకుంటూ నిలబడ్డాను.

ఆగస్టులో ఒక గురువారం తెల్లవారేసరికి జహ్రా రోడ్డు మీద ట్యాంకులు. ముందు మేం కువైట్ సైన్యమే అనుకున్నాం. కాల్పులు మొదలయ్యాక ఇరాకీ సైన్యమని తెలిసింది. కఫీల్ కుటుంబంతో సౌదీ వైపు పోయాడు. మేం యార్డులోనే, కోసిన లారీల మధ్య పడుకున్నాం.

నాలుగో రోజు సైనికులు యార్డుకు వచ్చారు. ఆఫీసు గోడ మీద కువైట్‌ను ఏలే అమీరు బొమ్మ, దాని కింద జెర్సీలు వేసుకున్న మా జట్టు ఫోటో ఉన్నాయి. రెండింటినీ తుపాకీ మడమలతో పగలగొట్టారు. అడ్డంగా నిలబడ్డాడని మా వంట ముసలాయన చేతిని అదే మడమతో విరిచారు. ఈ బొమ్మగానీ ఈ జెండాగానీ ఎవరి దగ్గర కనబడినా బతకనివ్వమని, గొంతు మీద వేలు గీసి చూపించి పోయారు. ఉత్తమాట అనుకోవడానికి లేకపోయింది. ఆ వారమే రొట్టెల కోసం పోతుంటే జహ్రా దారిలో ఒక ఇంటి గేటు ముందు కుర్రాడి శవం కనబడింది. చేతులు వెనక్కి కట్టి ఉన్నాయి, నోట్లో జెండా గుడ్డ కుక్కి ఉంది. తల్లి కిటికీలోంచి చూస్తోంది. శవాన్ని తీయనివ్వకుండా ఒక సైనికుడు కాపలా కూర్చున్నాడు.

యార్డుకు వచ్చి నూనె డ్రమ్ములో మంట పెట్టి, అందరి జెర్సీలూ వేయమన్నాను. కోనసీమవాడు చుట్టచుట్టిన గుడ్డేదో వేశాడు. నేను విప్పి చూడలేదు.

సెప్టెంబరులో మనవాళ్ళు బస్సులు మాట్లాడారు. బస్రా, బాగ్దాద్ మీదుగా జోర్డాన్, అక్కణ్ణుంచి విమానంలో బొంబాయి. మా బస్సులో ఆడవాళ్ళు, చంటిపిల్లలు కలిపి అరవై మంది దాకా ఉన్నాం. కోనసీమవాడిది నా పక్క సీటు. ఆ ఎండలో మెడ దాకా గుండీలు పెట్టుకుని చెమటలు కక్కుతున్నాడు. కాలరు కింద ఎర్రగా అంచు కనబడింది.

"ఏందిరా అది?" అన్నాను.

"జెర్సీ అండి."

"ఆ పొద్దు డ్రమ్ములో కాల్సింది ఏంది మరి?"

"తువ్వాలండి. కోప్పడకండి అన్నయ్యా. నెంబరున్న చొక్కా నా జన్మకి ఇదొక్కటేనండి. పెట్టెలో పెడితే లాగేసుకుంటారని ఒంటికేసుకున్నాను."

"ఇప్పేయ్ రా. సస్తావు. నీతో పాటు ఈ పిల్లోళ్ళు గూడా సస్తారు."

వాడు గుండీల మీద చెయ్యి వేశాడో లేదో బస్సు ఆగింది. ఇరాక్ సరిహద్దు ముందరి తనిఖీ. మగవాళ్ళందర్నీ దింపి రోడ్డు పక్కన వరసగా నిలబెట్టారు. గడియారాలు, ఉంగరాలు లాక్కుంటూ వస్తున్నారు. మెడలో గొలుసు ఉందేమోనని ఒక సైనికుడు వాడి చొక్కా పట్టుకుని గుంజాడు. గుండీలు తెగిపడ్డాయి. జెండా బయటపడింది.

ఎవరూ కదల్లేదు. సైనికుడు రెండడుగులు వెనక్కి వేసి తుపాకీ ఎత్తాడు.

నాకు ఆలోచన వచ్చి చేశానంటే అబద్ధం. దూకి కోనసీమవాడి మడమలు పట్టేశాను. వాడు వెల్లకిలా పడ్డాడు. రొమ్ము మీద కూర్చుని జెర్సీని మెడ దగ్గర్నుంచి చీల్చేశాను. దాని మీద ఉమ్మాను, ఇసుకలో వేసి తొక్కాను. హరామీ అన్నాను, మజ్నూన్ అన్నాను. దొంగ, పిచ్చోడు అని అర్థం, నాకు వచ్చిన అరబ్బీ అంతే. అంటూనే వాణ్ణి కొట్టడం మొదలుపెట్టాను. మొహం మీద, పక్కటెముకల మీద, పిడికిలితో, మోచేత్తో. పెదవి చీలింది. ముక్కు విరిగిన చప్పుడు నాకు వినబడింది. సైనికులు ముందు బిత్తరపోయి, తర్వాత నవ్వడం మొదలుపెట్టారు. తుపాకీ దిగింది. వాళ్ళ నాయకుడు చేయి విదిలించి, "ఖలాస్, యల్లా" అన్నాడు. చాలు, పొండి అని.

ఆ మాట నేను విన్నాను. స్పష్టంగా విన్నాను. వాడు బతికాడని నాకు అర్థమైంది. అప్పుడు కూడా నా చేయి ఆగలేదు. భుజాల మీద ఊరేగిన మొహం అది, పట్టీ కట్టించుకుని నవ్విన మొహం. మళ్ళీ కొట్టాను. అరచేయి విప్పి ఎడమ చెవి మీద, బలమంతా పెట్టి, ఒకటి కాదు, నాలుగో ఐదో. వాడి కళ్ళు నన్నే చూస్తున్నాయి. చివరికి తుపాకీ ఎత్తిన ఆ సైనికుడే వచ్చి నా చంకల కింద చేతులు వేసి వాడి మీంచి లాగేశాడు.

బస్సులో ఆడవాళ్ళు చీర చెంగులు చించి వాడికి కట్లు కట్టారు. చెవిలోంచి రక్తం కారుతూనే ఉంది. చావు తప్పి కన్ను లొట్టపోయినట్టు, వాడికి ఆ చెవి పోయింది.

జోర్డాన్ సరిహద్దులో గుడారాలు వేసి ఉంచారు మమ్మల్ని. మాట్లాడగలిగిన మొదటి రోజు నుంచీ వాడిది ఒకటే మాట. ఈయన లేకపోతే నేను లేనండి అని. ఎవరెవరో వచ్చి నా చేతులు పట్టుకునేవాళ్ళు. ఒక పెద్దామె తన బిడ్డ తలమీద నా చేయి పెట్టించుకుంది. ఏం తెలివప్పా నీది, ఏం గుండె అన్నారు మా కడపోళ్ళు. నేను తల వంచుకుని ఊ అంటూ ఉండేవాణ్ణి. సిగ్గుతో అన్నం దిగేది కాదు. నేను ఆపి ఉండవలసిన చోట ఆపి ఉంటే, ఆ పొగడ్తలన్నీ హాయిగా తిని కూర్చునేవాణ్ణి.

ఒక పొద్దున నీళ్ళ ట్యాంకరు దగ్గర వరసలో నా ముందు వాడు నిలబడి ఉన్నాడు. వెనక్కి తిరిగాడు. మొహం వాపు కొంచెం తగ్గింది. నవ్వు మాత్రం లేదు.

"అన్నయ్యా, ఒకటడుగుతాను, కోప్పడకండి. ఆడు ఖలాస్ అన్నాక కూడా కొట్టారు చూడండి. అయ్యి ఎవరి కోసమండీ?"

వినబడలేదురా, కంగారులో ఉన్నాను అంటే సరిపోయేది. వాడు నమ్మేవాడు. నమ్మాలనే అడిగాడేమో కూడా.

నేను వాడి కుడి చెవి వైపుకు జరిగి చెప్పాను.

"నా కోసమేరా."

వాడు సరే అన్నట్టు తల ఊపాడు. ఖాళీ క్యాను తీసుకుని, తన వంతు దగ్గరపడినా వరస వదిలేసి, అందరికంటే వెనక్కి పోయి నిలబడ్డాడు.