నల్ల చార దాకా నీళ్లు

ఈ మధ్య పొద్దున్నే పెరటి తలుపు తీస్తే చాలు, బ్లీచింగు వాసన గుప్పున ముక్కుకు కొడుతోంది. మా అమ్మాయి పట్టుబట్టి ఫోనులో చూసి తెప్పించుకున్న ఈత తొట్టిది ఆ వాసన. ఇనప గొట్టాల చట్రానికి నీలం పట్టా బిగించి నేల మీద నిలబెట్టారు. దానికో బుల్లి ఫిల్టరు మిషను, నీళ్ల మీద తేలే డబ్బాలో తెల్ల బిళ్లలు, ముంచి రంగు చూసుకునే కాగితం ముక్కలు, ఆకులు తీసే వల, అడుగు ఊడ్చే బ్రష్షు, ఇవన్నీ ఉన్నా రెండు రోజులు పట్టించుకోకపోతే నీళ్లు మడ్డిగా మారిపోతాయి. ఈత కొట్టేది మా అమ్మాయి, చాకిరీ చేసేది నేను. ఎండాకాలం నాలుగు రోజులు ఉండి పోదామని నరసరావుపేటలోని మా ఇంటికొచ్చిన మేనత్త, ఎస్తేరత్త, కుర్చీ వేయించుకుని ఈ తతంగమంతా చూసి, "ఏందే, బిళ్లలేసి నీళ్లు బాగుచేస్తారా? పీచు పెట్టి రుద్దేవాళ్లు లేరా ఈ కొంపలో?" అంది. అడగడానికి ఆమెకున్న హక్కు ఇంకెవరికీ లేదు, ఎందుకంటే మా చిన్నప్పుడు మా పెరటి తొట్టికి మహారాణి ఆమే.

మాది దాచేపల్లి దాపున ఒక ఊరు. పలుగు వేస్తే రెండడుగుల్లో ఖంగుమని నాపరాయి తగిలే నేల అది. చుట్టూ సిమెంటు ఫ్యాక్టరీలు, వాటి బూడిద దుమ్ము వేపాకుల మీదా, ఆరేసిన బట్టల మీదా, అప్పుడప్పుడూ మజ్జిగన్నం మీదా కూడా సన్నగా పడుతుండేది. నాన్న ఎలిమెంటరీ స్కూలు మేష్టారు. ఎండాకాలం సెలవులొస్తే ఊళ్లో పిల్లలంతా సాగరు కాలవలో దూకి తేలుతుంటే మా అన్నా నేనూ గట్టు మీద నిలబడి కుళ్లుకుంటూ చూడాల్సిందే. కాలవలో ఈత నేర్పడం నాన్నకిష్టం లేదు, అలాగని ఈత రాకుండా వదిలేయడమూ ఇష్టం లేదు. నీళ్లంటే భయపడేవాళ్లు ఇంట్లో ఒకరు చాలు అనేవాడు. ఆ ఒక్కరూ మా అత్తే.

పెరట్లో గుంట తవ్వి చూస్తే రాయి ఒప్పుకోలేదు. దాంతో నాన్న తొట్టిని నేల మీదే లేపాడు. క్వారీలో అంచులు విరిగి పక్కన పడేసిన నాపరాళ్లు బండి మీద తోలించి, వాటిని నిలువుగా నిలబెట్టి, సందుల్లో సిమెంటు కూరి, బయట చుట్టూ ఇనప బద్దీ బిగించి, మట్టి ఎగదోసి, దిగడానికి లోపలా బయటా మెట్లు పెట్టించాడు. నిండితే పెద్దవాళ్లకు రొమ్ము లోతు నీళ్లు. అడుగున ఒక కన్నం, దానికి గుడ్డ చుట్టిన కొయ్య బిరడా. తొట్టి లేస్తున్నన్నాళ్లూ ఊరంతా వచ్చి చూసిపోయింది. పక్కింటి వెంకాయమ్మ పెద్దమ్మ గోడ మీదనుంచి తొంగిచూసి, "ఎన్ని గేదెల్ని కొంటున్నావయ్యా మేష్టారూ?" అని అడిగింది. మా గుడివాళ్లయితే, సంగతేమిటని అడగనేలేదు. క్రైస్తవుల పెరట్లో మనిషి మునిగేటంత తొట్టి లేచిందంటే అది బాప్తిస్మపు తొట్టి కాక మరేమిటని వాళ్లే తేల్చేసుకున్నారు. మేష్టారు సొంతంగా గుడి పెట్టేస్తున్నాడనే మాట దాచేపల్లి బస్టాండు దాకా పోయింది. "ఈత తొట్టిరా నాయనా, పిల్లలు ఈత కొట్టే తొట్టి," అని నాన్న మొత్తుకున్నా నమ్మినవాడు లేడు. బాప్తిస్మపు తొట్టి అనే పేరు మాత్రం దానికి స్థిరపడిపోయింది.

ఆ పేరు వినపడినప్పుడల్లా అత్త మొహం అదోలా అయిపోయేది. ఆమె నాన్నకు అక్క. వసారాలో కుట్టు మిషను పెట్టుకుని ఊళ్లో ఆడవాళ్లందరి జాకెట్లూ కుట్టేది, ఎవరైనా పెళ్లి మాటెత్తితే మిషను మరింత జోరుగా తొక్కేది. పదేళ్ల వయసులో కాలవ మెట్ల మీద బట్టలుతుకుతూ కాలు జారిపోతే, గేదెలు కడుగుతున్న మనిషెవరో జుట్టు పట్టి లాగబట్టి బతికిందట. అప్పట్నించీ ఆమెకు నీళ్లంటే చెంబుతో పోసుకునేవే. మా గుడిలో బాప్తిస్మమంటే తల మీద చిలకరించడం కాదు, పూర్తిగా మునగాలి. అది తీసుకోనివాళ్లకు నెల మొదటి ఆదివారం పంచే ప్రభు భోజనంలో వంతు ఉండదు. ఆ బల్ల మీద పరిచే తెల్ల లేసు గుడ్డ అత్తే కుట్టింది, అత్తే ఉతికి గంజి పెట్టేది. రొట్టె పళ్లెం వరసలో తన దాకా వచ్చేసరికి మాత్రం చెయ్యి చాపకుండా పక్కవాళ్లకు అందించేది. ఏటా ఈస్టరుకు పేరిచ్చేది, బాప్తిస్మాలిచ్చే కాలవ గట్టు దాకా తెల్లచీర కట్టుకుని వెళ్లేది, మొదటి మెట్టు మీద కాలు పెట్టి వెనక్కొచ్చేసేది. ఆ పూట మిషను చప్పుడు వినపడేది కాదు. ఆమెకు ఆ రొట్టె ముక్క ఎంత కావాలో పిల్లలం మాకు కూడా తెలుసు.

తొట్టి కట్టించిన నాన్నకు దాన్ని చూసుకునే ఓపిక లేదు, అమ్మకు తీరిక లేదు. అలా అది అత్త చేతికొచ్చింది. పొద్దున లేచి మిషను మీద గుడ్డ తీయకముందే తొట్టి దగ్గర చేరేది. రాత్రంతా పడ్డ సిమెంటు దుమ్ము నీళ్ల మీద పల్చగా మీగడ కట్టినట్టుండేది. పాత వాయిలు చీర ముక్కను తీగ చట్రానికి కుట్టి, కట్టెకు బిగించి, ఆ దుమ్మునూ, వేపపూతనూ, మునగాకునూ, మునిగిపోయిన చీమల్నీ మెల్లగా ఒక మూలకు తోసి ఎత్తేది. పటిక రాయిని దారానికి కట్టి నీళ్లలో తిప్పేది. పంచాయతీ వాళ్లిచ్చిన బ్లీచింగు పిడికెడు వేసి, "ఇయ్యాల ఎవురన్నా దిగారంటే తోలు వలుస్తా," అని మిషను దగ్గర్నుంచే కాపలా కాసేది. మిరప కోతల రోజుల్లో ఆ కాపలా ఇంకా గట్టిది. కోతకు పోయొచ్చిన ఆడవాళ్లు మండే చేతులు పట్టుకుని మా పెరట్లోకొచ్చి తొట్టిలో ముంచబోయేవాళ్లు. ఒకసారి అలా ముంచిన నీళ్లలో మా అన్న కళ్లు తెరిచి ఈదాడు, ఆ సాయంత్రమంతా వాడు పెట్టిన గోల వీధి చివరి దాకా వినపడింది. తర్వాత అత్త వాళ్లకోసం వేరే బానలో నీళ్లు పెట్టి, పక్కన ఇంత మజ్జిగ కూడా పెట్టడం మొదలుపెట్టింది.

ఎంత చేసినా గోడలకు పాచి పట్టేది. బిరడా లాగితే నీళ్లన్నీ కాలవ కట్టి గోంగూర మడికీ మునగచెట్టుకీ పారేవి, ఖాళీ తొట్టిలో కొబ్బరి పీచూ ఇటుక పొడీ పట్టుకుని రుద్దాలి. మొదట్లో ఆ పని మాకు చెప్పి తను బయట నిలబడేది. మేం రుద్దింది ఆమెకు నచ్చి ఏడిస్తేగా. ఒకరోజు, "లేవండి అవతలికి, ఎండిన తొట్టిలో నాకేం భయం," అని చీర ఎగ్గట్టి తనే దిగింది. మేం మోటారు వేశాం. నీళ్లు పాదాలకు తగిలాయి, ఆమె రుద్దుతూనే ఉంది. చీలమండలు మునిగాయి, రుద్దుతూనే ఉంది. ఎదురు గోడ రాయిలో మోకాలెత్తున అడ్డంగా ఒక నల్ల చార ఉండేది, పుట్టుకతో రాయికొచ్చిన చార. నీళ్లు ఆ చారను తాకేసరికి పీచు అక్కడే పడేసి ఒక్క ఉదుటున మెట్లెక్కేసింది. ఆ తర్వాత ప్రతిసారీ అంతే. చార దాకా పాటలు పాడుకుంటూ రుద్దేది, చార మునిగిందంటే పైనుండేది. అన్న ఒకసారి వేళాకోళానికి, "అత్తా, చార మునిగింది," అని ఊరికే అరిస్తే తడికాళ్లతో వంటింటి దాకా పరిగెత్తి, తర్వాత వాడి వీపు మీద రెండిచ్చింది.

ఆ తొట్టిలోనే నాకు ఈత వచ్చింది. నాన్న పొట్ట కింద అరచెయ్యి పెట్టి పట్టుకునేవాడు, పట్టుకున్నాననే చెబుతూ వదిలేసేవాడు. నోట్లోకి పోయిన నీళ్లు పటిక రుచిగా ఉండేవి. మిట్టమధ్యాహ్నం నాపరాయి అంచులు కాలుతుంటే వాటి మీద పొట్ట ఆనించి పడుకుని, ఉప్పూ కారం అద్దిన మామిడికాయ బద్దలు తింటూ, మళ్లీ దూకుతూ, పెదాలు నల్లబడి వేళ్లు ముడతలు పడేదాకా ఉండేవాళ్లం. బయటికొస్తే అమ్మ జొన్నన్నంలో గోంగూర పచ్చడి కలిపి ముద్దలు పెట్టేది, పచ్చి ఉల్లిపాయ కొరుక్కుంటూ ఎన్ని ముద్దలు తినేవాళ్లమో లెక్కుండేది కాదు. వెంకాయమ్మ పెద్దమ్మ గేదె గోడ మీదనుంచి మెడ చాపి మాతోపాటు తొట్టి నీళ్లు తాగేది. అంత సుఖం మళ్లీ ఎరగను.

అలాంటి ఒక ఎండాకాలం, ఈస్టరు ముందు కాలవ కట్టేశారు. అడుగున బురద తప్ప నీళ్లు లేవు. పాస్టరు గారు మా ఇంటికొచ్చారు. ఆయన మంచి ఎత్తు, మా గుమ్మంలో తల వంచి రావాలి. కాస్త మొహమాటపడుతూ, "మేష్టారూ, ఊరంతా ఎట్టాగూ అదే పేరు పెట్టింది కాబట్టి, ఈస్టరు రోజు మీ తొట్టి మాకియ్యండి," అన్నారు. నాన్న నవ్వి సరేనన్నాడు. అత్త వసారాలోంచే, "నా పేరు కూడా రాసుకోండయ్యా," అంది. అందరం ఆమెవైపు చూశాం.

"మన తొట్టేగా వదినా, ఇంక భయమేముంది," అంది అమ్మ.

"తొట్టి మనదే. నీళ్లు మనయ్యి కాదుగా," అంది అత్త.

శుభశుక్రవారం అంతా గుడిలోనే గడిచింది. శనివారం చూస్తే ఆ ఎండకు తొట్టి నీళ్లు ఆకుపచ్చగా తిరిగి ఉన్నాయి. అత్త బిరడా లాగి, తలకు గుడ్డ చుట్టుకుని, ఆ రోజంతా గోడల్ని రాయి అసలు రంగు బయటపడేదాకా రుద్దింది. ఎవర్నీ చెయ్యి వేయనివ్వలేదు. ఆదివారం పొద్దున మోటారు కరెంటు రాగానే తనే స్టార్టరు నొక్కింది. ఆరాధన ముగించుకుని గుడి మొత్తం పాటలు పాడుకుంటూ మా పెరట్లోకొచ్చి వేపచెట్టు కింద నిలబడింది. బాప్తిస్మానికి పేరిచ్చిన పిల్లలు తెల్లబట్టల్లో వరసగా ఉన్నారు. అప్పుడే గొట్టంలో నీళ్ల ధార తగ్గి ఆగిపోయింది. వంటింటి పక్క స్టార్టరు దగ్గర్నుంచి అత్త గొంతు వినపడింది.

"కరెంటు పోయింది."

మా ఊళ్లో, అదీ ఎండాకాలంలో, కరెంటు పోయిందంటే కాదనేవాడెవడు? అందరూ తలా ఒకసారి కరెంటువాళ్లను తిట్టుకుని తొట్టిలోకి చూశారు. నీళ్లు సరిగ్గా నల్ల చార దగ్గర ఆగాయి. మోకాలి లోతులో మనిషిని ముంచేదెలా అని పెద్దలు తర్జనభర్జన పడ్డారు. కాలవ వదిలాక చూద్దామన్నారొకరు, బిందెలతో మోయిద్దామన్నారు మరొకరు. అత్త తెల్లచీర కొంగు బిగించి పట్టుకుని నేల చూపులు చూస్తోంది. ఈ ఏడూ లేదు కాబోలనుకుని నాకు ఏడుపొచ్చింది. చేతులు కడుక్కోవడానికి పక్కకు వెళ్లిన పాస్టరు గారు ఇంతలో వచ్చి, తొట్టిలోకి ఒకసారి చూసి, "ఈ నీళ్లు చాలు," అన్నారు. పంచె ఎగ్గట్టి, మెట్లు దిగి, అంత పొడుగు మనిషీ ఆ నీళ్లలో మోకాళ్లేశారు. ఒక్కొక్క పిల్లనూ పిల్లవాణ్నీ చంటిబిడ్డను పడుకోబెట్టినట్టు వెనక్కి వాల్చి ముంచి లేపారు. చివరికి అత్త దిగింది. దిగి, తను రుద్దిన గోడను ఒక్కసారి అరచేత్తో తడిమి చూసుకుని, ఆయన చేతుల మీదికి వాలిపోయింది. లేచినప్పుడు ఊపిరాడక దగ్గుతూ, నవ్వుతూ, ముక్కు చీదుకుంటూ మెట్లెక్కింది. నాన్న ఏడవడం నేను చూసింది ఆ ఒక్కసారే.

బాప్తిస్మాలు అయ్యాయని ఆ మధ్యాహ్నమే గుడిలో ప్రభు భోజనం పెట్టారు, రొట్టె పళ్లెం వచ్చింది. అత్త చెయ్యి చాపి ముక్క తీసుకుంది, కానీ వెంటనే తినలేదు. తను కుట్టిన లేసు గుడ్డవైపు చూస్తూ చానాసేపు అరచేతిలో పెట్టుకుని, అందరూ అయ్యాక నోట్లో వేసుకుంది. ఆ సాయంత్రం మా ఇంట్లో కోడికూర, పప్పుచారు. వెంకాయమ్మ పెద్దమ్మ గిన్నెడు పాయసం పంపింది.

ఇప్పుడు ఆ తొట్టి లేదు. నాన్న పోయాక ఇల్లు అమ్మేశాం, కొన్నవాళ్లు తొట్టి విప్పి ఆ రాళ్లు వాకిట్లో పరిచారు, తర్వాత వాటిమీద టైల్సు వేశారు. నల్ల చార ఏ టైల్సు కింద ఉందో తెలియదు. పాస్టరు గారు లేరు, పెద్దమ్మ లేదు, గేదె ఉండే చోట బైకుల షెడ్డు ఉంది. మునగచెట్టు మాత్రం ఉందంటారు, నేను చూడలేదు.

నిన్న మా నీలం తొట్టి కడిగి మళ్లీ నీళ్లు పెడుతుంటే, అత్త కుర్చీలోంచి లేచి, పట్టా అంచు పట్టుకుని లోపలికి చూస్తూ, ఎవరితోనో మామూలు విషయం చెబుతున్నట్టు అంది.

"ఆ రోజు కరెంటు పోలేదే. స్టార్టరు నేనే ఆపా."

నేను పైపు తొట్టిలో వదిలేసి ఆమె వైపు తిరిగాను. ఇన్నేళ్లూ మా ఇంట్లో ఆ ఈస్టరు కథ చెప్పుకున్నప్పుడల్లా కరెంటువాళ్లను తిడుతూనే ఉన్నాం. "ఎవరికీ తెలియదా అత్తా?" అన్నాను.

"పాస్టరు గారికి తెలుసు. చేతులు కడుక్కోటానికొచ్చి చూశాడు. నా ఏలు ఇంకా బటను మీదే ఉంది."

"ఏమన్నారు?"

"ఏమన్లా. పంచె ఎగ్గట్టుకుని పోయాడు."

నీలం తొట్టిలో దిగి నిలబడ్డ మా అమ్మాయికి నీళ్లు మోకాళ్ల దాకా వచ్చాయి. అత్త చెప్పులు విడిచి, నా భుజం పట్టుకుని, తొట్టికి ఆనించిన నిచ్చెన మెట్లెక్కి లోపలికి దిగింది. పంపు కట్టేశాను.