ఒకే దుప్పటి కింద ఆవిరి

స్వైన్ ఫ్లూ అనే మాట కొత్తగా వింటున్న ఈ ఏడాదే, వానాకాలంలో ఒక సాయంత్రం మా అమ్మాయి స్వాతి కాలేజీ బస్సు దిగి వచ్చి చెప్పులైనా విప్పకుండా మంచం మీద పడిపోయింది. ఒళ్లు కాలిపోతోంది. కండ్లకోయలో ఇంజనీరింగ్ చదువుతోంది. బస్సులో పక్క సీటు పిల్ల రెండు రోజులుగా దగ్గుతోందట.

మా అత్తమ్మకు ఆస్తమా. అయినా వావిలాకు వేసి నీళ్లు మరగబెట్టి, మనుమరాలితో పాటు తానూ దుప్పట్లో దూరింది. "ఒక్కతైతే మొకం అవతల వెడ్తది. నేను గూసుంటే పడ్తది" అంది. మా ఇంట్లో ఆవిరి పట్టడమంటే ఎప్పుడూ అంతే, పెద్దవాళ్లొకరు తోడు కూర్చుంటారు. నేనూ వద్దనలేదు.

మూడో రోజు మేడ్చల్ డాక్టర్ సిటీలోని పెద్దాసుపత్రికి పంపారు. అక్కడ సన్నటి పుల్లతో ముక్కులోంచి, గొంతులోంచి స్వాబ్ తీశారు. ల్యాబ్‌లో పరీక్షిస్తే వైరస్ ఉందో లేదో తెలుస్తుందట.

"దగ్గితే తుంపర్లతో అంటుకుంటుందమ్మా. ఇంట్లో అమ్మాయికి దగ్గరగా ఎవరున్నారు?" అని డాక్టరమ్మ అడిగారు.

"ఎవ్వరు లేరు మేడం. వేరే అర్రల పండవెట్టినం" అన్నాను. పచ్చి అబద్ధం. ముసలామెను కూడా వార్డులో పడేస్తారని, ఇక వాడకట్టులో ఎవరూ మా గడప తొక్కరని భయపడ్డాను.

స్వాతిని అక్కడే ఉంచి మందు మొదలుపెట్టారు. రెండు రోజులకు రిపోర్ట్ వచ్చింది, పాజిటివ్. అదే పొద్దున ఇంట్లో అత్తమ్మకు ఆయాసం. మాట పూర్తి కావడం లేదు. ఆటోలో తీసుకెళ్లి డాక్టరమ్మకు అంతా చెప్పేశాను.

"మొన్ననే చెప్పుంటే మొన్ననే మందు ఇచ్చేవాళ్లం కదమ్మా" అన్నారామె. తిట్టినా అంత బాధపడేదాన్ని కాదు.

అత్తమ్మకూ స్వాబ్ తీసి, రిపోర్ట్ కోసం ఆగకుండా మాత్రలు ఇచ్చి, ఆక్సిజన్ పెట్టారు. తర్వాత ఆమెదీ పాజిటివే అని తేలింది. ఒకరోజు "రక్తంలో ఆక్సిజన్ సాచురేషన్ పడిపోతోంది, వెంటిలేటర్ పెట్టాల్సి రావచ్చు" అన్నారు. బయట బెంచీ మీద కూర్చుని ఏడ్చాను. అంతదాకా రాలేదు. ఐదో రోజు మాస్కు తీసి ఆసుపత్రి ఉప్మా పెట్టగానే అత్తమ్మ, "గీ ఉప్మాల ఉప్పే లేదు. జల్దీ ఇంటికి తీస్కపో" అంది. హమ్మయ్య అనుకున్నాను.

ఇప్పుడు ఇద్దరూ బాగున్నారు. స్వాతి కాలేజీకి పోతోంది. అత్తమ్మ ఇన్‌హేలర్ చేతపట్టుకుని వాడకట్టంతా తిరుగుతోంది. మా ఇంటికి రావడం ఎవరూ మానలేదు.

ఇంట్లో ఎవరికి జ్వరమొచ్చినా, దగ్గరగా ఎవరున్నారని డాక్టర్ అడిగితే అందరి పేర్లూ చెప్పండి. నేను దాచింది ఒక్క పేరే. అది మా ఇంట్లో అందరికంటే ఊపిరి తక్కువున్న మనిషిది.