కణుపు దగ్గర కోయాలి

మనీప్లాంట్ సీసాలో నీళ్లు మార్చేటప్పుడు పాచి వాసన వస్తుంది. ఇంట్లో అందరూ ముక్కు మూసుకుంటారు. నాకు మాత్రం చిలకలగూడలో మేము అద్దెకున్న ఇల్లు, కింది వాటాలో ఉండే ఇంటావిడ రూతమ్మ టీచర్ గుర్తుకొస్తారు. ఆవిడ ఇప్పుడు లేరు. నా కుడిచెయ్యి నాకు తిరిగి దక్కిందంటే అది ఆవిడ మొండితనం వల్లే. డాక్టరు ఎముక అతికించాడు, అంతే.

ఆ ఇంట్లో ఉండగా ఒక చలికాలంలో స్కూటీ మీది నుంచి పడి నా మణికట్టు విరిగింది. కట్టు విప్పాక చూస్తే వేళ్లు ముడుచుకోవు, ముడిస్తే తెరుచుకోవు. నేను బడిలో లెక్కలు చెప్పేదాన్ని. జూన్‌లో బడి తెరిచేనాటికి బోర్డు మీద రాయగలిగితే రమ్మని, లేకపోతే వేరొకరిని చూసుకుంటామని మర్యాదగానే చెప్పారు. సాయానికి వచ్చిన మా అమ్మ, "దానంతటదే బాగవుతుంది, నువ్వు కదిలించకు" అనేది. కదిలిస్తే ప్రాణం పోయేంత నొప్పి కాబట్టి నాకూ ఆ మాటే హాయిగా ఉండేది.

మనీప్లాంట్‌ను అడిగి తెచ్చుకుంటే అచ్చిరాదని, దొంగిలించి తెస్తేనే ఏపుగా పెరుగుతుందని మనవాళ్ల నమ్మకం కదా. టీచరమ్మ ముందుగదిలోని తీగ, మేకులకు కట్టిన దారాల వెంట తలుపు మీదుగా వంటింటిదాకా పాకేది. కూతురికి మంచిరోజులు రావాలని మా అమ్మ ఓ మధ్యాహ్నం దాన్నుంచి ఒక ఆకు తెంపి, కొంగుచాటున తెచ్చి, ఖాళీ పచ్చడి సీసాలో పెట్టింది. ఆ ఆకు వాడలేదు. అలాగని పెరగనూ లేదు. వారాలు గడిచినా అలాగే పచ్చగా నిలబడి ఉంది.

ఒకరోజు నన్ను పలకరించడానికి టీచరమ్మ పైకి వచ్చారు. ఆవిడ చూపు తిన్నగా కిటికీలోని సీసా మీదికే వెళ్లింది. మా అమ్మ మెల్లగా వంటింట్లోకి తప్పుకుంది.

"ఏందమ్మా సుజాతా, ఇది మా ఇంటిదే గదా?"

ఆవిడ పకపకా నవ్వారు. "దొంగతనం చేస్తే చేసిర్రు, సక్కగ చెయ్యొద్దా? ఉత్త ఆకు తెంపిర్రు. కణుపు లేకుంటే ఎన్ని దినాలు నీళ్లల్ల పెట్టినా గంతే. సావదు, తీగ గాదు." అంతలో నా ఒళ్లో కదలకుండా ఉన్న చేతిని చూసి నవ్వు ఆపేశారు. "నీ చెయ్యి సుత గిట్లనే పెట్టుకున్నవ్ బిడ్డా. రేపు పొద్దుగాల కిందికి రా."

నాకు ఒళ్లు మండింది. నా నొప్పి ఆవిడకేం తెలుసు అనుకున్నాను. ఆ కోపంతోనే మర్నాడు వెళ్లాను. ఒక తడిగుడ్డ ఇచ్చి ఆకుల మీద దుమ్ము తుడవమన్నారు. ఎడమచేత్తో అందుకోబోతే, "ఆ చెయ్యి ఎనకకు పెట్టుకో" అని గద్దించారు. ఆకు కింద వేళ్లు ఆనించి, పైన బొటనవేలితో గుడ్డ లాగాలి. గట్టిగా పట్టుకుంటే ఆకు చిరుగుతుంది, వదులుగా పట్టుకుంటే గుడ్డ జారుతుంది. మొదట్లో ఒక్క ఆకుకే కళ్లలో నీళ్లు తిరిగేవి. గుడ్డ కింద పడితే ఆవిడ వంగి తీసిచ్చేవారు కాదు. "నొప్పి పుడుతోంది టీచరమ్మా" అంటే, బైబిల్లోంచి తలెత్తకుండానే "పుట్టనీ. ఆకు సింపకు" అనేవారు. అంత జాలిలేని మనిషిని నేనెక్కడా చూడలేదు. నేను రావడం ఆలస్యమైతే మెట్ల దగ్గర నిలబడి వీధంతా వినబడేలా పిలిచేదీ ఆవిడే. ఎండలు ముదిరేసరికి తలుపు దగ్గర మొదలుపెట్టి వంటింటిదాకా తుడవగలిగాను.

బడి తెరిచే ముందు కత్తెర చేతికిచ్చి "కొయ్యి" అన్నారు. తీగ కోస్తే లక్ష్మిని కోసినట్టేనని మన ఇళ్లల్లో ఎవరూ కొయ్యరు. అందుకే చాలాచోట్ల ఆకులు రాలిన బోడితీగ పొడుగ్గా సాగి, కొసన నాలుగాకులతో వేలాడుతుంటుంది. కోస్తేనే మొదలు దగ్గర కొత్త చిగుళ్లు వేసి గుబురుగా అవుతుంది. కాడ మీద ఉబ్బెత్తుగా, గోధుమరంగు వేరుమొలక ఉన్న చోటు చూపించి, "ఇగో, ఇది కణుపు. దీని కింద కొయ్యి. జెర గట్టిగ పట్టు" అన్నారు. కత్తెర జారింది. మళ్లీ జారింది. పళ్లబిగువున నొక్కాను. తెగింది. శభాష్ అంటారేమోనని చూశాను.

"ఇగ ఆ ముక్కను దొంగతనంగ తీస్కపో. నేను అటు తిరుగుత" అని, నిజంగానే గోడవైపు తిరిగి నిలబడ్డారు.

జూన్‌లో బోర్డు మీద లెక్క వేశాను. సాయంత్రం మెట్లెక్కబోతుంటే ఆపారు. "రాసినవా?"

"రాశాను టీచరమ్మా. అంకెలు వంకరగా వచ్చాయి."

"పిల్లలు జవాబు చెప్పిర్రా?"

"చెప్పారు."

"మరింకేంది పరేషాన్?" అని లోపలికి వెళ్లిపోయారు. నేను ఆ మెట్ల మీదే కూర్చుని సంతోషంతో ఏడ్చాను.

ఇప్పుడు మేము సీతాఫల్‌మండిలో ఉంటున్నాం. ఆనాటి ముక్కే తీగై మా హాలంతా పాకి, గుమ్మం బయటికీ వచ్చింది. వానలు మొదలైతే మణికట్టు సలుపుతుంది. అయినా ఆకులు ఈ చేత్తోనే తుడుస్తాను. మొన్న ఎదురింట్లోకి కొత్తగా దిగిన అమ్మాయి అటూ ఇటూ చూసి, మా తీగనుంచి ఒక ఆకు తెంపుకుపోవడం తలుపు సందులోంచి చూశాను. ఉత్త ఆకే. ఈ పొద్దున సీసాలో నీళ్లు మార్చాక కత్తెర తీసి, కణుపున్న ముక్క ఒకటి కోసి, ఆమె చేతికందేలా గుమ్మం బయట పెట్టాను. ఎదురింటి తలుపు తెరుచుకున్న చప్పుడైంది. నేను గోడవైపు తిరిగి నిలబడ్డాను.