నేను తొక్కిన వెన్ను

పదకొండేళ్లుగా ఈ మాట నా గుండెల మీద బండలా ఉంది. ఇంట్లో చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు, అందుకే మీకు చెబుతున్నాను.

నేను ఎదురుకాళ్లతో, తలకన్నా ముందు కాళ్లు బయటికొచ్చి, పుట్టినవాణ్ణి. అలాంటివాడు తొక్కితే నడుంపట్టు వదులుతుందని మా కార్వేటినగరం వైపు నమ్మకం. ఐదో తరగతితో బడి మానేసి, దొరికిన పుస్తకమల్లా చదివి, తాయెత్తులనూ జాతకాలనూ నలుగురిలో ఎగతాళి చేసే నేను, ఈ ఒక్క నమ్మకాన్ని ఏమీ అనకుండా ఎందుకు వదిలేశాను? దీనికోసం జనం నా గడపకు వచ్చేవాళ్లు. అందుకే.

ఆ రోజు మా ఊరి మునిరత్నం నా కళ్లముందే చింతకాయలు దులుపుతుంటే కొమ్మ విరిగి పడ్డాడు. అంబులెన్సుకు ఫోన్ చేశాం. దానికి దారి చూపడానికి అతని భార్య ధనమ్మ రోడ్డుకు పరుగెత్తింది. మేమిద్దరమే మిగిలాం. అరగంటైనా బండి రాలేదు.

"నడుం పట్టేసినట్టుండాది. ఒకసారి తొక్కు మావా," అన్నాడు.

అతనే అడిగాడు, నిజమే. కానీ వెన్నుకు దెబ్బ తగిలినవాణ్ణి కదిలించకూడదని నేను చదివానే! చదివి, టీకొట్టు దగ్గర పదిమందికి చెప్పానే! అయినా బోర్లా తిప్పి, నడుం మీద కాలుపెట్టి బరువు వేశాను.

"పోయింది మావా. నొప్పే లేదు."

నాకు గర్వమైంది. ఎంతసేపు? అతను లేవబోయేదాకా. చేతులు లేచాయి, కాళ్లు రాలేదు.

బండి మోత వినబడగానే అతన్ని మళ్లీ వెల్లకిలా తిప్పి పెట్టాను. పడినాక ఎవరన్నా కదిలించినారా అని అంబులెన్సులో వచ్చినాయన అడిగాడు.

"ఎవురూ తాకలేదబ్బా," అన్నాను.

మునిరత్నం నా వైపు చూశాడు. నా అబద్ధాన్ని ఎందుకు బయటపెట్టలేదో అడిగే ధైర్యం నాకు ఈనాటికీ లేదు.

నడుం కింద చచ్చుబడిందన్నారు తిరుపతి డాక్టర్లు. అంబులెన్సు ఆలస్యం వల్లేనని ఊగిపోతూ నేను అర్జీ మీద అర్జీ రాశాను. ఆలస్యం నిజమే, ఆ కోపమూ నిజమే. కానీ ఆ కోపం వెనక దాక్కున్నది ఎవరు? ధనమ్మ ఆ అర్జీల మీద వేలిముద్ర వేసి నాకు దండం పెట్టింది. ఇప్పటికీ ఆమే అతన్ని పక్కకు తిప్పి పడుకోబెడుతుంది.

కొమ్మ మీంచి పడినప్పుడే కాళ్లు పోయాయేమో అని నాకు నేను చెప్పుకోని రోజు లేదు. అది అబద్ధం. ధనమ్మ పరుగెత్తాక, నేను కాలు పెట్టకముందు, ఒక గండుచీమ అతని పాదం మీద పాకింది. అతను కాలు విదిలించాడు.

నేను చూశాను. చూసి కూడా తొక్కాను. రాసేశాను. కాస్త ఊపిరి తీసుకోగలుగుతున్నాను, అంతే.