సైరన్ వినని సోమలింగం

సోమలింగం కాకాను బడి పనిలోంచి తీసేయాలని మొదట నోరు తెరిచింది నేనే. ఆ సంగతి ముందే ఒప్పేసుకుంటే నాకు కాస్త తేలిక.

నిరుడు వేసవిలో, సరిహద్దులో యుద్ధం నడిచిన రోజుల మాట. సూరత్ దగ్గర, హజీరా ఫ్యాక్టరీల కంపెనీ బస్సులు దుమ్ము లేపుకుంటూ పోయే రోడ్డు పక్కన ఉంటుంది మా పల్లెటూరి బడి. ఊరి పొలాల్లో సగం లూమ్ షెడ్లయిపోయాయి. అందుకని ఊరి గుజరాతీ పిల్లలు ఎంతమందో, ఒడియా, బిహారీ, తెలుగు పిల్లలు కలిపి అంతమంది. అమ్మానాన్నలు పనికి పోతే వీళ్లను చూసే దిక్కు లేదని, సెలవులు వచ్చినా పొద్దుటి తరగతులు నడిపాం. లెక్కలు చెబుతుంటే పిల్లల చూపంతా కిటికీ మీదే. ఏ విమానం మోత వినబడ్డా పలకలు వదిలేసి లేచేవాళ్లు. ఫ్యాక్టరీలున్నాయి కాబట్టి మొదటి బాంబు మన పక్కనే పడుతుందని టీ బండి దగ్గరి మేధావులు అప్పటికే తేల్చేశారు.

గంట కొట్టడం, గేటు వేయడం, కుండల్లో నీళ్లు నింపడం సోమలింగం కాకా పని. జగిత్యాల దగ్గరి పల్లె నుంచి పదిహేడేళ్లకు సూరత్ వచ్చాడు. ఇరవై ఆరేళ్లు సాంచాల మీద, అంటే పవర్‌లూమ్‌ల మీద, చీరల బట్ట నేశాడు. నడుము మొండికేశాక మా బడికి వాచ్‌మన్‌గా చేరాడు. ఇస్త్రీ చొక్కా, జేబులో దువ్వెన. ఏం చెప్పినా నవ్వి తలూపుతాడు. చెప్పిన దాంట్లో సగమే చేస్తాడు. వెనక నుంచి పిలిస్తే పలకనే పలకడు. పొగరనుకున్నాను. మా నాన్న కూడా సాంచాల మనిషే. మా ఇంట్లో అందరం అరుచుకుంటూనే మాట్లాడుకుంటాం. అయినా నాకు తట్టలేదు చూడండి, టీచర్నట.

బళ్లలో సైరన్ డ్రిల్ చేయాలని తాలూకా నుంచి ఒక ఆఫీసర్ వచ్చాడు. సైరన్ మోగగానే గేటు మూయాలి, ఫ్యాన్లు ఆపాలి, పిల్లలు తలమీద చేతులు పెట్టుకుని బల్లల కింద కూర్చోవాలి. పిల్లలు బుద్ధిగా విన్నారు. తీరా ఆయన తెచ్చిన బండి మీది సైరన్ మోగేసరికి బడి సంతయిపోయింది. మేం నలుగురు టీచర్లం గుజరాతీలో అరుస్తుంటే పిల్లలు నాలుగు భాషల్లో ఏడ్చారు. ఒకటో తరగతి ఒడియా పిల్లలు ముగ్గురు అమ్మ కోసం రోడ్డు మీదికి పరిగెత్తారు. గేటు తెరిచే ఉంది. దాని పక్కనే సోమలింగం కాకా, ఇటు వీపు పెట్టుకుని, తాపీగా కుండలో నీళ్లు పోస్తున్నాడు.

అవతలి నుంచి బస్సు వస్తోంది. ఆఫీసరే దూకి పిల్లలను ఇవతలికి లాగాడు. నా భయమంతా కోపమై, ఇలాంటి మనిషిని గేటు దగ్గర ఎందుకు పెట్టుకున్నామని హెడ్ టీచర్ హంసాబెన్‌ను అందరి ముందే అడిగాను. ఆఫీసర్ రాసుకున్నాడు. శనివారం మళ్లీ డ్రిల్, ఆలోపు వాచ్‌మన్‌ను మార్చాలన్నాడు. తెలుగుదానివి కదా సుభాషిణీ, నువ్వే చెప్పమని హంసాబెన్ ఆ పని నా నెత్తిన పెట్టింది.

మొహం చూడలేక గోడకేసి చూస్తూ చెప్పాను. తిరిగి చూస్తే, ఆయన వంగి నా పెదవులు కనబడతాయేమోనని వెతుకుతున్నాడు. అప్పుడర్థమైంది, సాంచాల మోత ఆయన చెవులు తినేసిందని. ఇన్నేళ్లూ గంట గడియారం చూసి కొట్టాడు, మాటలు పెదవులు చూసి పట్టాడు. ఎదురుగా నిలబడి మళ్లీ మొదటి నుంచి చెప్పాను. అది నేను చేసిన కష్టమైన పనుల్లో ఒకటి.

ఆయన బతిమాలుకోలేదు. ఒకటే అడిగాడు.

"నాకు ఇనబడదు బిడ్డా, నిజమే. ఆ మోతల మీ మాట పోరగాండ్లకు ఇనబడ్డదా మరి?"

లేదన్నాను.

"సాంచల కాడ ఎవ్వలికీ ఏం ఇనబడదు. గంత మోతల నోరెవడు తెరుస్తడు? చేతులతోనే మాట్లాడుకుంటం. ఒడియావోడైనా, బిహార్ భయ్యా అయినా, మనోడైనా గదే మాట. పోరగాండ్లకు జర నేర్పిస్త. శనారం దాంక చూడు."

హంసాబెన్‌ను ఒప్పించడానికి నా మాట నేనే మింగాల్సి వచ్చింది. చెంపలేసుకోవడం ఒక్కటే తక్కువ.

మర్నాడు నీళ్ల విరామంలో వరండా స్తంభం దగ్గర పాఠం మొదలైంది. రెండు పిడికిళ్లు ఒకదాని మీద ఒకటి ఆనిస్తే 'ఆపు'. అరచేయి నేలకేసి నొక్కితే 'కూర్చో'. గాల్లో దారం తెంపినట్టు వేళ్లు విదిలిస్తే 'ఇక్కడికి రా'. బొజ్జ నిమిరితే 'సేఠ్ వస్తున్నాడు', అంటే షెడ్డు యజమాని. ఇవన్నీ ఆ పిల్లల నాన్నలు రోజూ షెడ్డులో చేసే సైగలే. ఒడియా పిల్లలకు మూడో రోజుకల్లా మా అందరికంటే బాగా వచ్చేశాయి. అంతవరకు క్లాసులో నోరు విప్పని వాళ్లు గుజరాతీ పిల్లల వేళ్లు సరిచేస్తుంటే చూడముచ్చటేసింది. నా తరగతి మాత్రం చేయి దాటిపోయింది. పాఠం మధ్యలో అటు చేతులు, ఇటు చేతులు. నేను గదిలోకి అడుగుపెడితే చాలు, నలభై మంది బొజ్జలు నిమురుకున్నారు. తిట్టబోయి నవ్వేశాను.

ఒక చిక్కు మిగిలింది. సైరన్ మోగిందని కాకాకు ఎవరు చెప్పాలి? ఆ పని నేను అడిగి తీసుకున్నాను. సైరన్ వినగానే నా కిటికీలోంచి రెండు పిడికిళ్లు చూపించాలి. ఆయన గేటు మూసి, స్తంభం దగ్గర నిలబడి సైగ చేస్తాడు. తలుపు పక్కన కూర్చునే పిల్లలు చూసి తమ తరగతికి అందిస్తారు. టీచర్లెవరూ నోరు మెదపకూడదు. నాకు అదే పెద్ద పరీక్ష.

శనివారం డ్రిల్ రానే వచ్చింది. ఇది తప్పితే కాకా పని పోతుంది, పోగొట్టింది నేనవుతాను. పదిన్నరకు సైరన్ మోగింది. పిడికిళ్లు చూపించాను. ఆయన కళ్లు అప్పటికే నా కిటికీ మీదున్నాయి. గేటు పడింది. స్తంభం దగ్గర చేతులు లేచాయి. అంత మోతలోనూ బడి మొత్తం, ఒక్క గొంతు లేవకుండా, బల్లల కిందికి దిగిపోయింది. ఒకటో తరగతి ఒడియా పిల్ల ఒకతి ఏడుపు మొహం పెట్టింది గానీ, పక్కపిల్ల అరచేయి నేలకేసి నొక్కి చూపిస్తే కూర్చుండిపోయింది. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. సంతోషానికే.

ఆఫీసర్ ప్రతి గదీ తిరిగి చూశాడు. చివరికి కాకా ఎదురుగా నిలబడి, ఆ రోజు ఏదో పరధ్యానంలో ఉన్నట్టున్నావు, ఇప్పుడు బాగానే వింటున్నావే, పాత రిమార్కు కొట్టేస్తానని హిందీలో అన్నాడు. అమ్మయ్య అనుకున్నాను. హంసాబెన్ కూడా తలూపింది. కాకా ఎప్పటిలా నవ్వి తలూపితే సరిపోయేది.

కాకా తలూపలేదు.

వినబడదు సాబ్ అన్నాడు హిందీలోనే, వరండా అంతా వినబడేంత గట్టిగా. పదేళ్లయింది, ఎవరికీ చెప్పలేదు, చెబితే పని పోతుందని భయపడ్డాను, ఆ భయంతోనే మొన్న పిల్లలను బస్సు కిందికి పంపేవాణ్ణి, అన్నాడు. నా పై ప్రాణాలు పైనే పోయాయి. ఈ ముసలాయనకు ఇప్పుడే నిజం చెప్పాలనిపించిందా అని లోపల తిట్టుకున్నాను కూడా.

మరి సైరన్ మోగిందని ఎలా తెలిసిందని ఆఫీసర్ అడిగాడు. నేను ముందుకొచ్చి, నేను చెప్పాను, ఇక ముందూ నేనే చెబుతాను, నేను రాని రోజున ఇంకొకరిని పెట్టి మరీ సెలవు తీసుకుంటాను అన్నాను. ఆఫీసర్ మా ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. తర్వాత డ్రిల్ రిపోర్టు కాగితం మోకాలి మీద పెట్టుకుని రాసి నా చేతికిచ్చాడు. నేను సంతకం పెట్టాను.

ఏం రాసిండని కాకా అడిగాడు. ఆయనకు నా మొహం కనబడేలా వెలుతురులోకి జరిగి, మెల్లగా తెలుగులో చెప్పాను. "సైరన్ వినేది టీచర్ సుభాషిణి. బడిని నడిపించేది వాచ్‌మన్ సోమలింగం."

ఇంకోసారి చదవమన్నాడు. చదివాను.