నాంపల్లి మేడగదిలో నేను చెప్పని చోటు

పోయిన ఏడాది ఇదే పత్రికలో నా నాంపల్లి ప్రయాణం గురించి రాశాను. అక్కడ ఒక మేడగదిలో ప్రతి ఆదివారం పొద్దున జరిగే ధ్యానంలో కూర్చున్నాననీ, గంటసేపు నా మనసు కదలకుండా నిలిచిందనీ అందులో ఉంది. అది నిజం కాదు. ఆ గంటలో నా మనసు ఆ గదిలోనే లేదు. ఆ మాట అక్కడ చెప్పలేదు, ఇక్కడ రాయనూ లేదు. దానివల్ల ఒకరికి జరిగిన నష్టం ఈ మధ్యే తెలిసి, మళ్ళీ అదే ఊరు బయలుదేరాను.

ఆ గదిలో ఒక పద్ధతి ఉంది. ధ్యానం ముగిశాక కళ్ళు తెరిచి, ఎవరి మనసు ఎక్కడెక్కడ తిరిగొచ్చిందో వాళ్ళు పైకి చెప్పాలి. ఒకరు పొయ్యి మీద పాల దగ్గరికి వెళ్ళి ఉంటారు, ఇంకొకరు ఆఫీసులో పై అధికారితో పోట్లాడి ఉంటారు. అందరూ నవ్వుకుని లేస్తారు. నన్ను అక్కడికి తీసుకువెళ్ళింది మా బావగారు, అక్కయ్య భర్త సుబ్బారావుగారు. రాష్ట్రం ఏర్పడ్డప్పుడు కర్నూలు నుంచి ఆఫీసుతోపాటు హైదరాబాదు వచ్చి, గన్‌ఫౌండ్రీలో ఇల్లు తీసుకుని ఉండిపోయారు. ఆయనకు నిద్ర పట్టని బాధ. మందులతో తగ్గలేదు గాని, ఆ మేడగదిలో నలుగురి మధ్య కూర్చోవడం మొదలుపెట్టాక కాస్త కునుకు పడుతోందని సంతోషించేవారు.

ఆ రోజు నా వంతు వచ్చినప్పుడు, "నేనెక్కడికీ వెళ్ళలేదండీ" అన్నాను. తరువాతి వంతు బావగారిది. ఆయన నా వంక ఒకసారి చూసి, "నాది చెప్పుకోదగ్గది కాదులెండి" అని ఊరుకున్నారు.

మొన్న ఉగాదికి మా ఊరు వచ్చిన అక్కయ్య చెప్పింది. "మీ బావ అక్కడికి వెళ్ళడం మానేశారురా. ఇంట్లోనే తలుపేసుకుని పళ్ళు బిగబట్టి కూర్చుంటున్నారు. ఎప్పుడూ నీ మాటే. 'మూర్తికి మొదటిరోజే కుదిరింది, ఇన్నేళ్ళయినా నాకు కుదరలేదంటే లోపం నాలోనే ఉంది' అంటారు. మళ్ళీ నిద్ర కరువైంది. మనిషి సగమయ్యారు."

శనివారం పొద్దున ఆరున్నరకు బెజవాడలో బండి ఎక్కాను. మూడో తరగతి పెట్టెలో కిటికీ పక్కన చోటు దొరికింది కాని, దొరక్కపోయినా బాగుండేది. బొగ్గు నలుసులు కళ్ళల్లో పడుతూనే ఉన్నాయి. ఖమ్మంలో ఇడ్లీ తిన్నాను, చల్లారిపోయి ఉంది. డోర్నకల్ దాటాక ఎండ పెట్టెలోకి వచ్చి కూర్చుంది. బావగారికి ఏం చెప్పాలో దారిలో ఆలోచించుకుందామనుకున్నాను. ఏ వాక్యమూ రెండో మాట దాటలేదు.

వరంగల్లులో ఒక పెద్దావిడ మామిడికాయల గంప నా కాళ్ళ దగ్గర దించి, ఎదురుగా కూర్చుంది.

"ఏడికి పోతున్రు సారూ?"

"నాంపల్లి."

"దవాఖానకా? మొకం గట్ల పీక్కపోయింది."

కాదనీ, ధ్యానానికనీ చెప్పాను.

"గదేంది?"

"కళ్ళు మూసుకుని, ఏమీ అనుకోకుండా కూర్చోవడం."

ఆవిడ గంప సర్దుకుంటూ నవ్వింది. "గింత దూరం టికెట్ కొని కండ్లు మూస్కునుడా? మా ఇంటాయన అరుగు మీద దినాం గదే చేస్తడు. నేనైతే తిడుత."

పెట్టెలో అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఆ ప్రయాణంలో నాకు ఊపిరాడింది ఆ కాసేపే.

బండి నాంపల్లి చేరేసరికి మధ్యాహ్నం మూడు దాటింది. ఎప్పుడూ తిన్నగా అక్కయ్య ఇంటికి వెళ్ళేవాణ్ణి. ఈసారి కాళ్ళు అటు పడలేదు. స్టేషన్ ఎదురుగా ఉన్న ఒక లాడ్జిలో గది తీసుకున్నాను. వెళ్ళదలచినవారికి ఒక మాట: వీధివైపు గది తీసుకోకండి. ఇంజన్ కూతలకు మంచం కూడా అదురుతుంది. స్నానం చేసి, ఇరానీ హోటల్లో చాయ్ తాగి, అబిడ్స్ దాకా నడిచాను.

అక్కడ ఒక బట్టల కొట్టు ఎదుట ఆగిపోయాను. పోయిన ఏడు ఆ ధ్యానానికి ముందురోజు సాయంత్రం బావగారు నన్ను ఈ కొట్టుకే తీసుకొచ్చారు. నా చొక్కా మెడ దగ్గర చిరుగు ఆయన కంట పడినట్టుంది. "మూర్తికి రెండు చొక్కాల గుడ్డ చూపించండి" అన్నారు. ధర అడగలేదు. గుడ్డ నాకు నచ్చిందా అని మాత్రం రెండుసార్లు అడిగారు. ఇద్దరం ఒకే పరీక్ష రాసినవాళ్ళం. ఆయన సూపరింటెండెంటు అయ్యారు, నేను జిల్లా బోర్డు బడిలో పంతులుగా ఉండిపోయాను. ఆ మర్నాడు మేడగదిలో కళ్ళు మూసుకుని గంటసేపు నేను నిలబడింది ఆ కొట్టు బల్ల ముందే. ఆ ఉద్యోగం ఈయనకెందుకు వచ్చింది, నాకెందుకు రాలేదు, నాకు గుడ్డ కొనిపెట్టడానికి ఈయనెవరు అని. పక్కనే ఆయన ఊపిరి వినిపిస్తూ ఉంది. ఆ చోటు పేరు పైకెలా చెప్పను?

ఆదివారం పొద్దున ఏడింటికి మేడమెట్లు ఎక్కాను. ధ్యానం జరిపించే నర్సింగరావు సారు రిటైరైన హెడ్‌మాస్టరు. నన్ను గుర్తుపట్టి, చాప మీద చోటు చూపించారు. అనుకున్నట్టే బావగారు లేరు.

కళ్ళు మూసుకున్నాను. ఊపిరి చూస్తూ ఉండగానే కింద రిక్షా గంట మోగింది, దాని వెనకే వెళ్ళాను. వెనక్కి వచ్చాను. లాడ్జి తాళం వేశానా అని వెళ్ళాను. వచ్చాను. ఆ తరువాత అక్కయ్య వంటింట్లోకి వెళ్ళి చాలాసేపు ఉండిపోయాను. నా వంతు వచ్చినప్పుడు ఇవన్నీ చెప్పి, పోయినసారి చెప్పింది అబద్ధమని కూడా అన్నాను.

సారు కళ్ళజోడు తుడుచుకుంటూ, "గా ముచ్చట మాకు ఆ దినమే ఎర్క. మీ బొటనవేలు గంటసేపు ఆడుతనే ఉండె" అన్నారు. చాప చివర కూర్చున్న యాదమ్మ, "నేనైతే సార్‌కు చీమ కుట్టిందనుకున్న" అంది. గది ఘొల్లుమంది.

"మరి అప్పుడే అడగలేదేం?" అన్నాను సారుతో.

"కొత్తగ వచ్చినోళ్ళు గట్లనే చెప్తరు. నాలుగు వారాలు కూసుంటె వాళ్ళే నవ్వుకుంటరని ఊకున్నం. నమ్మింది సుబ్బారావుగారొక్కరే. రెండుసార్లు ఇంటికి పోయి పిలిచిన. వస్తనన్నరు, రాలె."

"ఆయన ఇంట్లో పళ్ళు బిగబట్టి కూర్చుంటున్నారట సార్."

"గట్ల గుంజితె మనసు ఇంక దూరం ఉర్కుతది. పోయిందా, పోనియ్యాలె. ఏడికి పోయిందో చూసి, జర మెల్లగ వాపస్ రావాలె. మల్ల పోతది, మల్ల రావాలె. గంతే పని. మేమందరం గదే చేస్తున్నం. ఆయనకు చెప్పున్రి. మా మాట కాదు, మీ మాటే వింటరు."

అందరి ముందూ చెప్పేశాను కదా అని మెట్లు దిగుతూ తేలికపడబోయాను. కాని ఆ గదిలో నన్ను నమ్మినవాళ్ళెవరూ లేరు. నమ్మిన మనిషి ఇంకా గన్‌ఫౌండ్రీలో తలుపేసుకునే ఉన్నారు.

అబిడ్స్ మీదుగా నడిచే వెళ్ళాను. ఆదివారం కావడంతో కొట్లు మూసి ఉన్నాయి. అక్కయ్య తలుపు తీసి, లాడ్జి సంగతి చెప్పగానే, "నిన్ననే వచ్చి లాడ్జిలో దిగావా? మాకు చాపలు లేవనా?" అని కసిరింది. బావగారు లోపలి గదిలోంచి వచ్చారు. కళ్ళ కింద నల్లగా వలయాలు. నుదుటికి తడిగుడ్డ కట్టుకుని ఉన్నారు.

"రావోయ్ మూర్తీ. నీ వ్యాసం చదువుతూనే ఉంటాను. కదలకుండా నిలవడమంటే ఎలా ఉంటుందో ఇంకాస్త వివరంగా రాయాల్సింది."

అన్నం తింటున్నప్పుడు చెబుదామనుకున్నాను, అక్కయ్య ఉంది. తిన్నాక చెబుదామనుకున్నాను, ఆయన గోడకు ఆనుకుని కళ్ళు మూసుకున్నారు. దవడలు బిగిసి, మెడ నరాలు పైకి తేలాయి. అది చూస్తూ రెండు గంటలు కూర్చున్నాను.

నాలుగున్నర బండికి వెళ్ళాలని లేచాను. వద్దన్నా ఆయన నుదుటి మీద ఆ తడిగుడ్డతోనే స్టేషన్‌దాకా వచ్చారు. పెట్టెలో సంచి పెట్టి, దిగి ప్లాట్‌ఫారం బల్ల మీద ఆయన పక్కన కూర్చున్నాను.

"బావగారూ, ఆ రోజు ఎక్కడికీ వెళ్ళలేదని నేను చెప్పింది అబద్ధం."

ఆయన నవ్వారు. "మీ అక్క పంపిందా? నన్ను ఓదార్చడానికి ఇంత దూరం రావాలటోయ్?"

"ఓదార్పు కాదండీ."

"అయితే చెప్పు. ఎక్కడికి వెళ్ళావు?"

గార్డు పచ్చజెండా విప్పుతున్నాడు. ఆ ప్రశ్నకు మేడగదిలో సగం జవాబే ఇచ్చానని అప్పుడు తెలిసింది.

"అబిడ్స్‌లో ఆ బట్టల కొట్టుకి. మీరు చొక్కా గుడ్డ కొనిపెట్టారు కదా, ఆ బల్ల ముందుకి. మీకున్నది నాకు లేదని మీ పక్కనే కూర్చుని మీ మీద ఏడిచాను."

బావగారు నుదుటి మీది తడిగుడ్డ తీసి చేతిలో పట్టుకున్నారు.

"గంటసేపూనా?"

"గంటసేపూ. మీరు పక్కన ఉండగా ఆ మాట చెప్పలేక గొప్పవాడిలా కూర్చున్నాను. మీ ఆదివారాలు పోగొట్టాను, నిద్ర పోగొట్టాను. మీరు మళ్ళీ అక్కడికి వెళ్ళినా వెళ్ళకపోయినా, లోపం మీలో ఉందని మాత్రం అనుకోకండి. అది నాది. నన్ను క్షమించండి బావగారూ."