వాసన పోయిన జంపఖానా

నా చిన్నప్పుడు, కొత్తవాడలోని మా ఇంట్లో మా నాయనమ్మ నేసిన జంపఖానా ఒకటి ఉండేది. చెట్టు వేళ్లు ఉడికించి తీసిన ఎరుపు దానిది. నాయనమ్మ పోయేనాటికి మా మేనత్త చంటిపిల్ల. తల్లి ముఖం ఆమెకు తెలియదు, ఫోటో కూడా లేదు. అందుకే తన పెళ్లిపీటల కింద ఆ జంపఖానాయే పరవాలని పట్టుబట్టింది.

పెళ్లి దగ్గరపడి, జంపఖానా దాచిన పెట్టె తెరిస్తే గుప్పున ముక్కిన వాసన వచ్చింది. వియ్యాలవారి ముందు ఈ కంపేమిటని అత్త కుమిలిపోయింది. తాతయ్య చుట్టాలను పిలవడానికి తొర్రూరు వెళ్లిన రోజు, మురుగు మోరీలో చల్లడానికి తెచ్చిన బ్లీచింగ్ పౌడర్‌ను నీళ్లలో కలిపి, జంపఖానాను తడిపి ఎండలో పరిచింది. వాసన నిజంగానే పోయింది.

"సూడు బిడ్డా, ఎంత మంచిగైందో!" అని నన్ను దగ్గరికి లాక్కుంది. అంత సంతోషంగా ఆమెను నేను మళ్లీ చూడలేదు.

పొద్దు వాలేసరికి ఎరుపు మచ్చలు మచ్చలుగా పాలిపోయింది. అత్త గాబరాపడి మంచినీళ్లలో ముంచి ఎత్తబోతే, నానిన అట్టలా పోగులు విడిపోయి చేతికొచ్చాయి.

తాతయ్య వచ్చి చూసి, విడిపోయిన పోగులను చేతిలోకి తీసుకున్నాడు. తిట్టలేదు.

"నన్నడగకపోతివి బిడ్డా. నీడల గాలికి ఆరేస్తే వాసన దానంతటదే పోతుండె" అన్నాడు.

"మల్ల నేస్తవా బాపూ?" అని అడిగింది అత్త.

ఆయన తల అడ్డంగా ఊపాడు. మగ్గం ఉంది, నూలు ఉంది. నాయనమ్మ చేయి ఎక్కడినుంచి తెస్తాడు?

కిరాయి తివాచీ మీద పెళ్లయింది. అత్త తల ఎత్తలేదు. ఆమె పోయేదాకా ఆ సంగతి మా ఇంట్లో ఎవరూ ఎత్తలేదు.

ఇప్పుడు పాత పట్టుచీరకు వాసనొస్తోందని మా కోడలు స్ప్రే డబ్బా అందుకుంటే, "జర ఆగు తల్లీ" అని చెయ్యి పట్టుకుంటాను. నీడలో, గాలి తగిలేచోట పరిపిస్తాను. చీర దక్కుతుంది. నాకు మాత్రం ఊరట ఉండదు. ఆ సాయంత్రం తడి పోగులను ఒడిలో వేసుకుని అత్త "అమ్మా" అని ఏడ్చింది. ఆమె నోట ఆ పిలుపు నేను విన్నది అదొక్కసారే.